ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్‌లు, హార్డ్‌వేర్ మార్చడం: కొలతల నుంచి తుది సవరింపు వరకు

ఎలక్ట్రిక్ గిటార్ ధ్వని నచ్చనప్పుడు వాయించేవారిలో చాలామంది దృష్టి ముందుగా పికప్‌ల మీదే, అంటే తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల మీదే పడుతుంది. పికప్ మారిస్తే ధ్వని మారుతుందన్న మాట నిజమే. అయితే పికప్ ఒంటరిగా పనిచేయదు. వాల్యూమ్, టోన్ పాట్‌లు (నాబ్‌ల కింద ఉండే, తిప్పితే విలువ మారే రెసిస్టర్లు), కెపాసిటర్, స్విచ్, జాక్, చివరికి ఆంప్లిఫయర్ దాకా వెళ్లే కేబుల్ కూడా దానితో కలిసి ఒకే సర్క్యూట్ అవుతాయి. శ్రుతి నిలవకపోతే ట్యూనర్లను (తలభాగం మీద తీగలను బిగించే గుండీలను) తప్పుపట్టడం కూడా ఇలాంటి అలవాటే. అసలు లోపం చాలాసార్లు నట్ గాడిలో, అంటే తలభాగం దగ్గర తీగలు ఆనే పట్టీలోని గాడిలో ఉంటుంది. అందువల్ల ఏ భాగం మార్చాలన్నది ఆ భాగానికున్న పేరును బట్టి గాక, పరీక్షలు, కొలతలు చెప్పేదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

లోపం ఎక్కడుందో తేల్చుకోవడం

పాతబడిన తీగలతో ఏ పరీక్షా చేయకూడదు. కొత్త తీగలు వేసి, అవి సాగడం ఆగేదాకా లాగి శ్రుతి చేసిన తర్వాత రెండు విషయాలు చూడాలి.

మొదటిది పికప్ ఎత్తు. ధ్వని బలహీనంగా, దూరంగా వినిపిస్తే పికప్ తీగలకు మరీ దిగువన ఉండవచ్చు. అదే మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి దాని కంపనాన్ని చెదరగొడుతుంది. మందపు తీగల మీద పై ఫ్రెట్లలో ఒకే స్వరం రెండుగా చీలినట్టు, అలలు అలలుగా వినిపిస్తుంది. అయస్కాంతపు కడ్డీలే పోల్ పీస్‌లుగా (ఒక్కో తీగ కింద నిలిచే కడ్డీలుగా) ఉండే స్ట్రాటోకాస్టర్ తరహా సింగిల్ కాయిల్ పికప్‌లలో ఈ ఇబ్బంది ఎక్కువ. ఒక స్క్రూడ్రైవర్‌తో సరిదిద్దగల ఈ లోపం వల్లే మంచి పికప్‌లు ఎన్నో డబ్బాల్లోకి చేరుతుంటాయి.

రెండవది శ్రుతి తప్పే తీరు. తీగను బెండ్ చేసి (పక్కకు నెట్టి) వదిలాక శ్రుతి దిగిపోతున్నా, ట్రెమొలో (బ్రిడ్జ్‌ను కదిపి స్వరాన్ని వంచే ఏర్పాటు) చేతిని కిందికి నొక్కి వదిలాక శ్రుతి పెరుగుతున్నా, తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. బెండ్ చేసినప్పుడు తలభాగం వైపునుంచి కాస్త తీగ ఇవతలికి జారుతుంది, గాడి బిగుతుగా ఉంటే అది తిరిగి వెనక్కి వెళ్లదు. ట్రెమొలో నొక్కినప్పుడు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. శ్రుతి చేస్తున్నప్పుడు నట్ దగ్గర టిక్కుమని చప్పుడు రావడం కూడా ఇదే లోపానికి గుర్తు. ఇలాంటి గిటార్‌కు ఎంత ఖరీదైన ట్యూనర్లు బిగించినా ఫలితం ఉండదు. ట్యూనర్ గుండీని కాస్త వెనక్కి తిప్పినప్పుడు అది తీగను కదపకుండా ఊరికే తిరుగుతుంటే మాత్రం గేర్ అరిగినట్టే, ట్యూనర్లు మార్చక తప్పదు.

భాగాలు తెప్పించే ముందు కొలతలు

హార్డ్‌వేర్ విషయంలో నిరాశకు మొదటి కారణం పేరును నమ్మి కొలతను వదిలేయడం. ఒకే నమూనా పేరుతో వేర్వేరు కర్మాగారాల నుంచి వచ్చిన గిటార్లలో రంధ్రాల దూరాలు, మర కొలతలు వేరుగా ఉంటాయి. డిజిటల్ కాలిపర్ ఒకటి దగ్గర ఉంచుకుని, తీసిన ప్రతి కొలతనూ మిల్లీమీటర్లలో కాగితం మీద రాసుకోవాలి.

ట్యూనర్లకు ముందుగా చూడవలసింది తలభాగంలోని రంధ్రపు వ్యాసం. పాత క్లూసన్ తరహా ట్యూనర్లకు సుమారు 8.8 మి.మీ., ఆధునిక ట్యూనర్లకు 10 మి.మీ. రంధ్రం ఉంటుంది. వెనుకవైపు వాటిని కదలకుండా పట్టి ఉంచేది స్క్రూనా, రెండు చిన్న పిన్నులా, ఉంటే ఏ దిక్కున ఉన్నాయన్నది కూడా రాసుకోవాలి. పాత స్క్రూ రంధ్రాలకే సరిపోయే ట్యూనర్లు దొరికితే తలభాగాన్ని తొలవవలసిన అవసరమే రాదు.

ఆరు స్క్రూల ట్రెమొలో బ్రిడ్జ్ అయితే మొదటి స్క్రూ మధ్యభాగం నుంచి ఆరో స్క్రూ మధ్యభాగం వరకు కొలవాలి. పాత ఫెండర్ కొలత సుమారు 56 మి.మీ. కాగా, ఇతర తయారీలలో 52.5, 54 మి.మీ. దూరాలు సాధారణం. తీగల మధ్య దూరాన్నీ, బాడీ మందాన్నీ కూడా విడిగా కొలవాలి. ప్రామాణిక ఫెండర్ బాడీ సుమారు 44 నుంచి 45 మి.మీ. మందం ఉంటుంది, పలుచని బాడీలో పూర్తి నిడివి ఉక్కు బ్లాక్ (ట్రెమొలో కింద వేలాడే లోహపు దిమ్మ) బిగిస్తే అది వెనుక మూతను దాటి బయటికి పొడుచుకు వస్తుంది. రెండు స్తంభాల మీద నిలిచే టూనొమాటిక్ బ్రిడ్జ్‌లో ఆ స్తంభాల మధ్య దూరం సాధారణంగా 74 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది గనక తేడా అక్కడ కాక స్తంభపు మరలో ఎదురవుతుంది. చెక్కలోకే నేరుగా దిగే ఏబీఆర్-1 రకపు స్తంభాలు సన్ననివి. నాష్‌విల్ తరహావి లోహపు బుషింగ్‌లోకి (రంధ్రంలో బిగించిన గొట్టంలోకి) దిగుతాయి. ఆసియా తయారీలలో మెట్రిక్ ఎమ్8 మర తరచుగా కనిపిస్తుంది. అంగుళాల మరను మెట్రిక్ బుషింగ్‌లోకి బలవంతంగా తిప్పితే రెండూ పాడవుతాయి.

రెండు కాయిల్స్ ఉన్న హంబకర్ పికప్‌కు పోల్ పీస్‌ల దూరం ముఖ్యం. మొదటి పోల్ నుంచి ఆరో పోల్ వరకు గిబ్సన్ తరహాలో సుమారు 49 నుంచి 50 మి.మీ., ఫెండర్ తరహా వెడల్పు బ్రిడ్జ్‌లకు సుమారు 51 నుంచి 53 మి.మీ. ఉంటుంది. ఒక మిల్లీమీటరు తేడాకు ధ్వనిలో ఉపద్రవమేమీ రాదు, అయినా బ్రిడ్జ్ దగ్గర అంచు తీగలు పోల్‌లకు పూర్తిగా బయట ఉంటే వాటి బలం తగ్గే వీలుంది. నెక్ వైపు తీగలు దగ్గరవుతాయి కాబట్టి అక్కడ ఇరుకు దూరమే సరిపోతుంది. పికప్ కింద గుంట లోతు, కాళ్ల పొడవు కూడా కొలవడం మంచిది.

పాట్‌లకు రెండు కొలతలు ఉన్నాయి. అమెరికా తరహా పెద్ద పాట్ మెడకు సుమారు 9.5 మి.మీ. రంధ్రం కావాలి, చిన్న పాట్‌లున్న గిటార్లలో రంధ్రం అంతకన్నా ఇరుకుగా ఉంటుంది. కాడ 6 మి.మీ. ఉన్నదీ, 6.35 మి.మీ. ఉన్నదీ చూడటానికి ఒకేలా ఉంటాయి గాని ఒకదాని నాబ్ ఇంకొకదానికి సరిగ్గా ఎక్కదు.

పికప్ ఎంపిక: అంకెలు ఎంతవరకు చెబుతాయి

అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిరిగిన సన్నని రాగి తీగే పికప్. అందులో ఎక్కువగా వాడే 42 గేజ్ తీగ మందం దాదాపు 0.06 మి.మీ. మాత్రమే. పైన కంపించే ఉక్కు తీగ అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తుంటే ఆ మార్పు కాయిల్‌లో విద్యుత్ సంకేతంగా పుడుతుంది. ఒకే కాయిల్ ఉన్న పికప్ పరిసరాల్లోని ట్రాన్స్‌ఫార్మర్ల, దీపాల హమ్‌ను కూడా పట్టేస్తుంది. దీనికి విరుగుడుగా గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు కాయిల్స్‌ను ఎదురెదురు చుట్ల దిశతో, ఎదురెదురు ధ్రువాలతో జతచేసి 1955లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. పేటెంట్ 1959లో మంజూరైంది. మధ్యకాలంలో తయారైన పికప్‌ల అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అన్న చీటీ అంటించడంతో పీఏఎఫ్ అనే పేరు స్థిరపడింది. ఈనాటికీ తయారీదారులు హంబకర్లను దానితో పోల్చే వర్ణిస్తారు.

ప్రకటనల్లో అందరూ ముందు చూసే అంకె డీసీ రెసిస్టెన్స్, అంటే కాయిల్ తీగ విద్యుత్‌కు చూపే నిరోధం. పాత తరహా స్ట్రాట్ సింగిల్ కాయిల్‌కు ఇది సుమారు 5.5 నుంచి 6.5 కిలో ఓమ్‌లు, పీఏఎఫ్ తరహా హంబకర్‌కు సుమారు 7.5 నుంచి 8.5 కిలో ఓమ్‌లు ఉంటుంది. ఒకే రకపు తీగతో, ఒకే నిర్మాణంతో చేసిన రెండు పికప్‌లను పోల్చడానికి ఈ అంకె పనికివస్తుంది. అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు. చుట్ల సంఖ్య మార్చకుండా తీగను 43 గేజ్‌కు సన్నం చేస్తే చాలు, రెసిస్టెన్స్ పెరుగుతుంది గాని ధ్వని బలం అదే నిష్పత్తిలో పెరగదు. ధ్వని స్వభావాన్ని ఎక్కువగా చెప్పేది ఇండక్టెన్స్, అంటే మారే విద్యుత్ ప్రవాహాన్ని కాయిల్ ఎదిరించే గుణం. సాధారణ స్ట్రాట్ పికప్‌కు ఇది రెండున్నర హెన్రీల దరిదాపుల్లో, పీఏఎఫ్ తరహాకు నాలుగు నుంచి నాలుగున్నర హెన్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఎక్కువ చుట్లున్న బలమైన పికప్‌లలో ఇంకా పెరుగుతుంది. ఇండక్టెన్స్ పెరిగేకొద్దీ పికప్ రెసొనెన్స్ (అది అన్నిటికన్నా బలంగా స్పందించే పౌనఃపున్యం) కిందికి దిగి, పై స్థాయి మెరుపు తగ్గి, మధ్య స్థాయి నిండుతుంది. కాయిల్ చుట్లు ఎక్కువైన పికప్ బలంగానే కాక మందంగా కూడా వినిపించడానికి కారణం ఇదే.

అయస్కాంతాల సంగతి క్లుప్తంగా చెబితే, ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమలోహం) రకాల్లో ఆల్నికో 2, ఆల్నికో 3 మెత్తగా, ఆల్నికో 5 కాస్త పదునుగా, సిరామిక్ ఇంకా బిగువుగా వినిపిస్తాయని వాడుక. అయితే సిరామిక్ పికప్‌లకు చుట్లు కూడా తరచుగా వేరుగా ఉంటాయి గనక తేడా మొత్తాన్ని అయస్కాంతం ఖాతాలోనే వేయడం న్యాయం కాదు. జతగా కొనేటప్పుడు నెక్ పికప్‌కన్నా బ్రిడ్జ్ పికప్‌కు చుట్లు కొంత ఎక్కువ ఉన్నదాన్ని ఎంచుకోవాలి, ఎందుకంటే బ్రిడ్జ్ దగ్గర తీగ ఊగే వెడల్పు తక్కువ. మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న గిటార్‌కు నడిమి పికప్ ఎదురు చుట్లు, ఎదురు ధ్రువం ఉన్నదైతే స్విచ్ రెండో, నాలుగో స్థానాల్లో హమ్ రద్దవుతుంది. ఎక్కువ డిస్టార్షన్‌తో వాయించేవారు మైనంలో ముంచిన పికప్‌లే తీసుకోవాలి; లేకపోతే వదులుగా ఉన్న చుట్లు కంపించి కీచుమంటాయి.

ఈఎంజీ వంటి యాక్టివ్ పికప్‌లది వేరే ఏర్పాటు. వాటికి 9 వోల్టుల బ్యాటరీ, అది ఇమిడే చోటు, 25 కిలో ఓమ్‌ల పాట్‌లు, ప్లగ్ తీయగానే బ్యాటరీని ఆపే స్టీరియో జాక్ కావాలి. మామూలు పికప్‌తో వాటిని ఒకే గిటార్‌లో కలపాలనుకుంటే సర్క్యూట్‌ను వేరుగా ఆలోచించుకోవాలి.

పాట్‌లు, కెపాసిటర్లు

కొత్త పికప్ వేసి పాత పాట్‌లను అలాగే ఉంచితే ఫలితం సగంలో ఆగిపోవచ్చు. పాట్ పదికి (పూర్తిగా) తిప్పి ఉంచినా సంకేతంలో కొంత భాగాన్ని గ్రౌండ్‌కు (సర్క్యూట్ తిరుగు దారికి) చేరవేస్తూనే ఉంటుంది. దాని విలువ తగ్గేకొద్దీ పై స్థాయి మెరుపు అణగుతుంది. సింగిల్ కాయిల్‌కు 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కు 500 కిలో ఓమ్‌లు అన్న ఆనవాయితీ వెనుక ఉన్న కారణం ఇదే. హంబకర్ మసకగా ఉందని విసిగినవారు పికప్ మార్చే ముందు లోపల ఎంత విలువ పాట్‌లు ఉన్నాయో మల్టీమీటర్‌తో చూడాలి. పాట్ మీద ముద్రించిన విలువకూ అసలు విలువకూ 20 శాతం దాకా తేడా సాధారణమే కాబట్టి, కొత్తవాటిని కూడా కొలిచి ఎక్కువ విలువున్నదాన్ని ఎక్కువ మెరుపు కావలసిన చోట వాడుకోవచ్చు. వాల్యూమ్‌కు లాగరిథమిక్ రకం చెవికి సమంగా పెరిగినట్టు ఉంటుంది.

టోన్ కెపాసిటర్‌గా హంబకర్లకు 0.022 మైక్రోఫారడ్, సింగిల్ కాయిల్స్‌కు 0.022 లేదా 0.047 మైక్రోఫారడ్ వాడుతారు. విలువ ముఖ్యం, అది కాగితం, నూనెతో చేసినదా, ప్లాస్టిక్ ఫిల్మ్‌తో చేసినదా అన్న చర్చకు గిటార్ పుట్టించే స్వల్ప వోల్టేజీల దగ్గర పెద్ద ప్రయోజనం లేదని నా అభిప్రాయం. వాల్యూమ్ తగ్గించినప్పుడు మెరుపు పోతుంటే, వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలికీ మధ్య కాలికీ నడుమ 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్‌నూ 150 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌నూ సమాంతరంగా కలపడం ప్రసిద్ధమైన మార్గం.

కేబుల్‌ను మరచిపోకూడదు. మామూలు గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. మూడు మీటర్ల కేబుల్ బదులు ఆరు మీటర్లది పెడితే రెసొనెన్స్ కిందికి జరిగి ధ్వని మొద్దుబారుతుంది. పాత, కొత్త పికప్‌లను పోల్చేటప్పుడు ఒకే కేబుల్ వాడకపోతే ఆ పోలికకు విలువ లేదు.

విప్పడం

ట్రెమొలో ఉన్న గిటార్ అయితే తీగలు వదులు చేసే ముందే వెనుక గుంటలో బ్లాక్‌కూ చెక్కకూ మధ్య సరిపడే చెక్కముక్క పెట్టాలి; లేకపోతే స్ప్రింగ్‌లు బ్రిడ్జ్‌ను ఒక్కసారిగా లాగేస్తాయి. తీగలు తీశాక నెక్‌కు కింద ఆధారమిచ్చి, మెత్తని బట్ట మీద గిటార్‌ను పడుకోబెట్టాలి. నైట్రోసెల్యులోజ్ పూత ఉన్న గిటార్ల విషయంలో జాగ్రత్త మరింత అవసరం: కొన్ని రబ్బరు, ఫోమ్ వస్తువులు ఆ పూతను మరక చేస్తాయి, గట్టిగా అంటే టేపు దాన్ని పెచ్చులుగా లేపుతుంది.

పిక్‌గార్డ్ లేదా వెనుక మూత తెరవగానే లోపలి వైర్లను నాలుగు కోణాల నుంచి ఫోటో తీసి, ఏ వైరు ఏ కాలికి వెళుతోందో చేతితో ఒక బొమ్మ కూడా గీసుకోవాలి. ఫోటోలో ఒకదాని వెనుక ఒకటి దాగిన వైర్లు బొమ్మలో దాగవు. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌లో పిక్‌గార్డ్‌ను బాడీకి కలిపేవి సాధారణంగా మూడే వైర్లు: జాక్‌కు వెళ్లే రెండు, ట్రెమొలో పంజాకు (స్ప్రింగ్‌లు తగిలే లోహపు ముక్కకు) వెళ్లే గ్రౌండ్ ఒకటి. ఆ మూడింటినీ విడదీస్తే పిక్‌గార్డ్ మొత్తం బల్ల మీదకు వస్తుంది, పని ఎంతో సుఖమవుతుంది. పాత పికప్ వైర్లను కత్తిరించకుండా టంకం కరిగించి విడదీయాలి. పొట్టి వైరుతో మిగిలిన పికప్‌ను మళ్లీ వాడటం కష్టం.

ముందు తొలిచే పనులు: ట్యూనర్లు, బ్రిడ్జ్

పికప్‌ల కన్నా హార్డ్‌వేర్ పని ముందు ముగించాలని గట్టిగా చెబుతాను. డ్రిల్లింగ్, ఆకురాయి పనుల నుంచి వచ్చే ఇనుప రజను అయస్కాంతాలకు అంటుకుంటే దాన్ని వదిలించడం తలనొప్పి వ్యవహారం. పికప్‌లు ఇంకా గిటార్‌లోనే ఉంటే వాటి మీద టేపు వేయాలి.

8.8 మి.మీ. రంధ్రాన్ని 10 మి.మీ.కి పెంచవలసివస్తే డ్రిల్ యంత్రంతో నేరుగా దిగకూడదు. బిట్ చెక్కను పట్టుకుని పూతను చీల్చవచ్చు. చేతితో తిప్పే కోసు రీమర్‌ను ముందువైపు నుంచి కొంత, వెనుకవైపు నుంచి కొంత తిప్పుతూ, నడుమ కొత్త బుషింగ్ పెట్టి చూస్తూ నెమ్మదిగా పెంచాలి. దీనికి వ్యతిరేకంగా 10 మి.మీ. రంధ్రంలో పాత తరహా ట్యూనర్ కావాలంటే అందుకు తగిన మార్పిడి బుషింగ్‌లు దొరుకుతాయి. కొత్త ట్యూనర్లను బుషింగ్ మరతో వదులుగా బిగించి, ఒక సరళమైన స్కేలు ఆనించి అన్నింటినీ ఒకే వరుసలోకి తెచ్చాకే వెనుక స్క్రూల స్థానాలు గుర్తుపెట్టాలి. స్క్రూ కాండం కన్నా కాస్త సన్నని బిట్‌తో రంధ్రం తొలిచి, స్క్రూ మరకు మైనం రాసి దింపితే చిన్న స్క్రూ తల తెగిపోదు. పాత రంధ్రం కొత్తదానికి అడ్డు వస్తే, గట్టి చెక్క పుల్లకు జిగురు పూసి అందులో దించి, పూర్తిగా ఆరాక మళ్లీ తొలవాలి.

18:1 నిష్పత్తి అంటే గుండీని 18 సార్లు తిప్పితే కాడ ఒక్కసారి తిరుగుతుందని. 14:1 కన్నా ఇది సున్నితంగా శ్రుతి చేయనిస్తుంది గాని శ్రుతిని ఎక్కువకాలం నిలుపుతుందని దాని అర్థం కాదు. తీగను కాడలోనే బిగించి పట్టే లాకింగ్ ట్యూనర్లలో కాడ చుట్టూ తీగ చుట్లు అర కన్నా తక్కువే ఉంటాయి కాబట్టి జారుడు తగ్గుతుంది, తీగలు మార్చడం తొందరగా అవుతుంది. నట్ దగ్గరి లోపాన్ని అవి కూడా దిద్దలేవు.

నట్ విషయంలో ఎముక, గ్రాఫైట్ మిశ్రమాలు, జారుడుగుణం కలిపిన కృత్రిమ పదార్థాలు అన్నీ పనిచేస్తాయి. గాడి సరిగ్గా తీయడమే అసలు పని. గాడి వెడల్పు తీగ మందం కన్నా వెంట్రుకవాసి ఎక్కువగా ఉండి, అడుగు గుండ్రంగా ఉండి, తలభాగం వైపు కొద్దిగా వాలి ఉండాలి. తీగ ఆనే చోటు ఫ్రెట్‌బోర్డ్ వైపు అంచునే ఉండాలి. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి మొదటి ఫ్రెట్ మీద చూస్తే సన్నని వెలుగు గీత మాత్రం కనిపించాలి. తీగ ఫ్రెట్‌ను పూర్తిగా ఆనితే గాడి లోతెక్కువైనట్టే. పాత నట్‌ను తీయాలంటే పూత అంచును పదునైన బ్లేడుతో గీసి, చిన్న చెక్కముక్క ఆనించి పక్కనుంచి మెల్లగా తట్టాలి.

బ్రిడ్జ్ మార్చేటప్పుడు మరవకూడనిది గ్రౌండ్ వైరు. స్థిర బ్రిడ్జ్ కింద అది నొక్కుకుని ఉంటుంది. స్టాప్ టెయిల్‌పీస్ ఉన్న గిటార్లలో బుషింగ్ రంధ్రంలో దాగి ఉంటుంది. బుషింగ్ ఊడలాగేటప్పుడు ఆ వైరు లోపలికి జారిపోతే మళ్లీ పట్టుకోవడం కష్టం, అందుకే వైరు చివరను ముందే ఒక దారంతో కట్టి ఉంచుకోవాలి. ట్రెమొలోలో జింక్ బ్లాక్‌ను ఉక్కు బ్లాక్‌తో మార్చడం వల్ల బరువు పెరుగుతుంది, మరలు గట్టిపడతాయి. ధ్వనిలో వచ్చే తేడా పికప్ ఎత్తును ఒక మిల్లీమీటరు మార్చినంత కూడా ఉండకపోవచ్చు. అరిగిన శాడిల్స్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే ముక్కలు), వదులైన స్తంభాలు ఉన్న గిటార్‌లో మాత్రం కొత్త బ్రిడ్జ్ తెచ్చే మేలు ఎక్కువే. ఫ్లాయిడ్ రోజ్ తరహా లాకింగ్ ట్రెమొలోకు బాడీని తొలవాలి, నట్ చోటును కోయాలి. వెనక్కి తీసుకోలేని ఆ పనిని అనుభవజ్ఞుడైన గిటార్ మెకానిక్‌కు అప్పగించడమే నయం.

టంకం పని

కనీసం 40 వాట్ల ఐరన్, వీలైతే ఉష్ణోగ్రత నియంత్రణ ఉన్న స్టేషన్ కావాలి. 60/40 లేదా 63/37 తగరం-సీసం టంకపు తీగలో రోజిన్ ఫ్లక్స్ ఉన్నదే వాడాలి. పైపుల పనికి వాడే ఆమ్లపు ఫ్లక్స్ కొంతకాలానికి కీళ్లను (టంకపు అతుకులను) తినేస్తుంది. గది గాలి ఆడేటట్టు ఉంచి, కళ్లద్దాలు పెట్టుకుని, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి. గిటార్ పైభాగమంతా మందపాటి బట్టతో కప్పాలి, ఎందుకంటే చింది పడ్డ ఒక్క టంకపు చుక్క పూత మీద శాశ్వతమైన మచ్చ వేస్తుంది.

స్విచ్, పాట్ కాళ్లకు 350 డిగ్రీల సెల్సియస్ చాలు. పాట్ వీపు పెద్ద లోహపు రేకు కాబట్టి అక్కడ వెడల్పాటి ఉలి ఆకారపు మొనతో, 380 నుంచి 400 డిగ్రీల వేడితో త్వరగా ముగించాలి. చల్లని ఐరన్‌ను ఎక్కువసేపు ఆనిస్తే లోపలి కార్బన్ పట్టీ దెబ్బతింటుంది. వీపును ముందుగా సన్నని ఎమెరీతో గీకి, ఒక చుక్క టంకం విడిగా పరిచి, వైరు చివరకూ విడిగా టంకం పట్టించి, ఆ తర్వాతే రెండింటినీ కలపాలి. ఐరన్ లోహాన్ని వేడిచేయాలి, వేడెక్కిన లోహం టంకాన్ని కరిగించాలి. కీలు చల్లారే వరకు వైరు కదలకూడదు. మెరుస్తూ అంచులకు పాకిన టంకం మంచి కీలుకు గుర్తు, ముద్దగా నిలిచినదాన్ని మళ్లీ కరిగించాలి.

నాలుగు వైర్ల హంబకర్‌లో రంగుల అర్థం తయారీదారును బట్టి మారుతుంది, అందుకే ఒకరి డయాగ్రమ్‌ను ఇంకొకరి పికప్‌కు వాడకూడదు. సీమోర్ డంకన్ పికప్‌లో నలుపు హాట్ (సంకేతాన్ని మోసే వైరు), ఎరుపు, తెలుపు ఒకదానితో ఒకటి కలిసేవి, ఆకుపచ్చ, తొడుగు లేని వైరు గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు, తెలుపు కలిసేవి, ఆకుపచ్చ గ్రౌండ్. ఒకచోట హాట్ అయిన నలుపు రెండోచోట కాయిల్స్‌ను జతచేసే వైరు అన్న ఒక్క సంగతి మరిస్తే పికప్ సగమే మోగుతుంది లేదా అసలే మోగదు. కలిపిన జత వైర్లను హీట్‌ష్రింక్ గొట్టంలో దాచాలి. పుష్-పుల్ పాట్ (లాగితే స్విచ్‌లా పనిచేసే పాట్) ద్వారా ఆ జతను గ్రౌండ్‌కు చేరిస్తే ఒక కాయిల్ మాత్రమే మోగే ఏర్పాటు వస్తుంది.

హమ్ తగ్గించడానికి గుంటలో రాగి టేపు పరచవచ్చు. పట్టీలు ఒకదానితో ఒకటి విద్యుత్ సంబంధం కలిగి ఉన్నాయో లేదో మీటర్‌తో చూసి, మొత్తాన్ని గ్రౌండ్‌కు కలపాలి, హాట్ కాళ్లు ఏవీ రాగిని తాకకుండా చూడాలి. ఇది సింగిల్ కాయిల్ పట్టే హమ్‌ను పూర్తిగా పోగొట్టదు, చిటపట శబ్దాలను మాత్రం బాగా తగ్గిస్తుంది.

మూత వేసే ముందు పరీక్ష

తీగలు వేయకముందే కేబుల్‌ను జాక్‌లో పెట్టి, రెండో చివర ప్లగ్ మొనకూ ఒరకూ మధ్య రెసిస్టెన్స్ కొలవాలి. వాల్యూమ్ పదిలో ఉంచితే 8 కిలో ఓమ్‌ల హంబకర్ 500 కిలో ఓమ్‌ల పాట్‌తో కలిసి సుమారు 7.9 కిలో ఓమ్‌లు చూపుతుంది. రెండు పికప్‌లు సమాంతరంగా ఉన్న నడిమి స్థానంలో సుమారు నాలుగు రావాలి. సున్నా వస్తే ఎక్కడో హాట్ గ్రౌండ్‌ను తాకుతోంది. రెసిస్టెన్స్ వందల కిలో ఓమ్‌లకు పెరిగితే పికప్ వైరు తెగినట్టు లేదా ఊడినట్టు. ఆ తర్వాత ఆంప్లిఫయర్‌కు తగిలించి, తక్కువ ధ్వనిలో ఒక్కో పికప్ పోల్‌లను స్క్రూడ్రైవర్‌తో తట్టి, స్విచ్ చూపే పికప్పే మోగుతోందో లేదో సరిచూసుకోవాలి.

రెండు పికప్‌లు కలిసినప్పుడు ధ్వని పలచబడి ముక్కుతో పలికినట్టు ఉంటే అవి ఎదురు ఫేజ్‌లో, అంటే ఒకదాని సంకేతం ఇంకొకదాన్ని రద్దుచేసేలా ఉన్నట్టు. ఒక పికప్ హాట్, గ్రౌండ్ వైర్లను తారుమారు చేస్తే సరిపోతుంది, అయితే లోహపు మూత గ్రౌండ్ వైరుకే అతుక్కుని ఉన్న రెండు వైర్ల పికప్‌లో అలా చేస్తే మూత హాట్ అయి హమ్ పెరుగుతుంది. మూత వైరును ముందు విడదీయాలి. తీగలు తాకినప్పుడు హమ్ తగ్గితే గ్రౌండ్ పనిచేస్తున్నట్టే. తాకినప్పుడు పెరిగితే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారై ఉండవచ్చు. తీగలు గ్రౌండ్ ద్వారా ఆంప్లిఫయర్ చాసిస్‌కు కలిసి ఉంటాయి కాబట్టి ఎర్త్ సరిగా లేని ప్లగ్‌కు ఆంప్లిఫయర్‌ను ఎప్పుడూ తగిలించకూడదు.

సెటప్

కొత్త తీగలు వేసి శ్రుతి చేశాక, తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి పట్టి, ఏడో, ఎనిమిదో ఫ్రెట్ మీద ఎడం చూడాలి. సుమారు 0.2 నుంచి 0.25 మి.మీ. ఉంటే నెక్ వంపు సరిపోయినట్టు. లేకపోతే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి సవరింపు కడ్డీని) ఒకసారికి పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పకుండా సవరించాలి. తీగల ఎత్తు 17వ ఫ్రెట్ దగ్గర 1.6 మి.మీ. దరిదాపుల్లో మొదలుపెట్టి వాయించే తీరును బట్టి మార్చుకోవచ్చు. తర్వాత ప్రతి తీగకు 12వ ఫ్రెట్ హార్మోనిక్‌నూ (తీగను నొక్కకుండా అక్కడ తాకి పలికించే స్వరాన్నీ) నొక్కిన స్వరాన్నీ శ్రుతి చూపే ఎలక్ట్రానిక్ ట్యూనర్‌తో పోల్చాలి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్‌ను నెక్‌కు దూరంగా, తక్కువ పలికితే నెక్ వైపుగా జరిపి, జరిపిన ప్రతిసారీ శ్రుతి మళ్లీ చేయాలి. తేలే ట్రెమొలోలో ఒక తీగను ముట్టుకుంటే మిగిలినవన్నీ మారతాయి గనక ఇక్కడ ఓపిక అవసరం.

పికప్ ఎత్తు అన్నింటికన్నా చివర, ఎందుకంటే తీగల ఎత్తు మారిన ప్రతిసారీ ఇది మారిపోతుంది. చివరి ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి, తీగ అడుగు నుంచి పోల్ పైభాగం వరకు కొలవాలి. హంబకర్లకు నెక్ వైపు 2.4 మి.మీ., బ్రిడ్జ్ వైపు 1.6 మి.మీ.; పాత తరహా సింగిల్ కాయిల్స్‌కు మందపు తీగ వైపు 2.4 మి.మీ., సన్నని తీగ వైపు 2 మి.మీ. మంచి ఆరంభ కొలతలు. అక్కడి నుంచి నెక్ పికప్‌ను కొద్దికొద్దిగా దించుతూ, స్విచ్ మార్చినప్పుడు రెండింటి బలం చెవికి సమంగా అనిపించే చోట ఆపాలి. కొత్త తీగలు, కొత్త నట్ కుదురుకున్నాక కొన్నాళ్లకు నెక్ వంపు, ఇంటొనేషన్ (పైన చెప్పిన 12వ ఫ్రెట్ పోలిక) మళ్లీ ఒకసారి కొలవాలి; అప్పటికి ట్యూనర్ బుషింగ్ మరలు, జాక్ మర కూడా కాస్త వదులవుతాయి కాబట్టి వాటినీ సరైన కొలత పానాతో బిగించి, విప్పిన పాత భాగాలను వాటి స్క్రూలతో, గీసుకున్న బొమ్మతో సహా ఒక సంచిలో భద్రపరచాలి.